నూరు రీలుల పడ్డ చీకటి ఫొటో

ముందే చెప్తున్న, నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. ఇరవై ఏండ్లసంది సూర్యాపేటల ఫొటో స్టూడియో నడుపుతున్న. ఫొటోల దయ్యం పడ్డదని మా దుకాణానికి వచ్చినోళ్లు ఎందరో. చూస్తే ఒకటి లెన్స్ మీది వేలిముద్ర, ఒకటి అద్దంల కొట్టిన ఫ్లాష్ వెలుగు. అందరికీ విప్పి చెప్పి, నవ్వి పంపిన. గిప్పుడు నాకే జరిగితే విప్పి చెప్పేటోడు ఒక్కడు దొరుకుతలేడు.

పెండ్లిళ్లకు నేను గూడ డిజిటల్ కెమెరానే పట్టుకపోత. నా సంతోషానికి తీసుకునేటియి మాత్రం ఇప్పటికీ రీలు మీదనే. హైదరాబాద్ నుంచి కొరియర్ల తెప్పించుకుంట. మా ఆమె దీన్ని పిచ్చి అంటది. నేను కాదనను.

రీలు సంగతి తెల్వనోళ్లకు జర చెప్పాలె, లేకుంటే ముంగట జరిగింది అర్థం కాదు. ప్రతి రీలుకు ఒక నంబరు ఉంటది. నంబరు ఎంత తక్కువుంటే అంత వెలుగు కావాలె. నూరు రీలు ఎండకు. పొలాలు, గొర్లు, ఆరబోసిన వడ్లు, అన్నీ దాంట్ల సన్నగ, సాఫ్‌గ పడతయి. మబ్బు పట్టినా, ఇంట్ల పెండ్లి అయినా నాలుగొందలు పెట్టాలె. ఇగ చీకటి గోదాంల నూరు రీలు పెట్టి, కెమెరా చేతుల పట్టుకొని తీస్తే ఏమొస్తది? ఏం రాదు. స్టాండు మీద పెట్టి శానాసేపు తెరిచి ఉంచితే తప్ప ఏం రాదు.

మొన్న ఎండకాలం, యాసంగి వడ్లు మిల్లులకు వచ్చే రోజులు. ఒక ఆదివారం పొద్దుగాల కోదాడ దిక్కు పోయిన. చిలుకూరు కాడ గొర్ల మందను తీసి, ఆడికెళ్లి మిర్యాలగూడకు వచ్చిన. ఆడ ఒక రైస్ మిల్లుల మా బావ హమాలీల మేస్త్రి. మా అక్క మొగుడు. ఆయన కింద ఆరుగురు పనిచేస్తరు. వాళ్లు ఎండల వడ్లు తిరగేస్తుంటే తీద్దామని నా ఆలోచన. అంతా ఎండల పనే గద అని నూరు రీలు ఒక్కటే పెట్టుకున్న, బ్లాక్ అండ్ వైట్‌ది. ఫ్లాష్ తీసుకపోలే, స్టాండు తీసుకపోలే.

నాకొక అలవాటుంది. తీసిన ప్రతి ఫొటోను జేబుల ఉండే చిన్న నోటుబుక్కుల రాసుకుంట. ఏం తీసిన, ఎంత వెలుగుల తీసిన అని. ఆ రోజు ఇరవై రెండు రాసిన. పంతొమ్మిది అయినంక దూప అయ్యి గోదాం తలుపు కాడికి పోయి, డ్రమ్ముల నీళ్లు తాగిన. కెమెరా మెడల ఉంది, లెన్స్‌కు మూత పెట్టే ఉంది. లోపటికి అడుగు పెట్టలే. మళ్ల బయటికొచ్చి మూడు తీసిన. మిగిలిన రీలు ఖతం చేసే ఓపిక లేక అట్లనే చుట్టి ఇంటికొచ్చిన.

సోమవారం పదకొండు గంటలకు రీలు కడిగిన. ఎండకాలం గద, ఫ్రిజ్‌ల ఐసుగడ్డలు తెచ్చి మందు చల్లార్చి మరీ కడిగిన. కిటికీకి పెట్టి లెక్కపెడితే ఇరవై మూడున్నయి.

పంతొమ్మిదికీ ఇరవైకీ నడుమ ఒకటి ఎక్కువున్నది.

నెగెటివ్ చూసుడు నాకు అన్నం తిన్నట్టే. భూతద్దం పెట్టి చూసిన. అది గోదాం లోపట. గోడ మీద రంగుతోని రాసిన ఏడో నంబరు, బస్తాల ఏడో కుప్పది. గోడకూ వడ్ల బస్తాలకూ నడుమ చెయ్యి పట్టేంత సందు. ఆ సందులకెళ్లి తీసిన ఫొటో అది. కింది వరుసల బస్తాలు పిగిలి వడ్లు కారినయి. పైనున్న బస్తాలన్నీ కొద్దికొద్దిగ ముంగటికి ఒరిగి ఉన్నయి. ఎదురుంగ నిలబడి చూసినోళ్లకు ఏం కనబడదు. ఎన్క నుంచి చూస్తేనే తెలుస్తది. ఫొటో జరంత గూడ కదలలే, స్టాండు మీద పెట్టి తీసినట్టున్నది.

ఆ ఏడో నంబరు ముంగటనే మా బావోళ్లు రోజూ పగటిపూట తిని పండుకునేది. మిల్లు మొత్తంల సల్లగుండే జాగ అదొక్కటే. ఒంటిగంటకు తింటరు. మా గోడ మీది గడియారం చూస్తే పన్నెండుంబావు.

ఫోన్ చేసిన. ఫొటోల చూసింది చెప్తె బావ నవ్విండు.

"ఏందిరా సీనూ, ఎండ దెబ్బ తగిలిందా? నిన్న గాడనే పండుకున్న గద. గోడ లెక్క గట్టిగున్నది."

"బావా, నీకు దండం పెడత, ఈ ఒక్కరోజు గాడ పండుకోకుండ్రి."

"ఫొటోల కనబడ్డదని చెప్తె మావోళ్లు నన్ను నవ్వుతరు. పెట్టు ఫోను."

పెట్టేసిండు. ఆయన మొండితనం నాకు తెల్వంది కాదు. భయమని చెప్తే ఆ ఏడుగురిల ఒక్కడు కదలడు. మరి దేనికి కదులుతరు అని ఆలోచించిన. నిన్న నేను తీస్తుంటే వాళ్లంత ఒక్కటే అడిగిన్రు, అందరం కలిసి ఒక మంచి ఫొటో తీయమని. మళ్లొచ్చినప్పుడు తీస్తనని తప్పించుకున్న.

మళ్ల ఫోన్ చేసిన. ఈసారి అబద్ధమాడిన.

"బావా, గది ఇడిచిపెట్టు. ఒంటిగంటకల్ల మిల్లుకొస్తున్న. మీ ఏడుగురి గ్రూపు ఫొటో తీస్త. తినకముందే అంగీలు ఏసుకొని లారీలు తూకం ఏసే కాంటా కాడ నిలబడుండ్రి."

"గీ ఎండలనా? లోపట తీయరాదురా, సల్లగుంటది."

"నా దగ్గర నూరు రీలే ఉన్నది బావా. నీడల పడదు. ఎండలనే తీయాలె. నేనొచ్చేదాక ఎవ్వలూ లోపటికి పోవద్దు, వెలుగు పోయిందంటే మళ్ల దొరకది."

గా మాటకు ఒప్పుకున్నడు. నేను కెమెరా పట్టుకొని బస్సెక్కిన. ఒంటిగంటకు నేనెట్ల చేరుత? అప్పటికి బస్సు నేరేడుచర్ల గూడ రాలే. బావ మూడుసార్లు ఫోన్ చేసిండు, ఏడున్నవ్‌రా అని. వచ్చిన వచ్చిన అనుకుంట వచ్చిన. ఏం కాకుంటే జన్మల నాతోని మాట్లాడడని తెలుసు. ఏం కాకుంటేనే మంచిదని గూడ అనుకున్న.

ఒకటిన్నరకు మళ్ల ఫోన్ మోగింది. బావ గొంతు గుర్తు పట్టరాలే.

"సీనూ... పడ్డదిరా."

"ఏం పడ్డది బావా?"

"ఏడో నంబరుది. మొత్తం. గోదాంల దుమ్ము తప్ప ఏం కనబడతలేదు."

"మీరు?"

"అందరం బయటనే ఉన్నం. నువ్వు రావైతివని నిన్ను తిట్టుకుంట ఎండల ఎండుతున్నం."

బస్సుల అందరి ముంగట ఏడ్చిన. సిగ్గు గిగ్గు ఏం లేదు. పక్క సీటు అవ్వ నా చెయ్యి పట్టుకొని, "ఎవలన్నా పోయిన్రా బిడ్డా?" అని అడిగింది. "లేదవ్వా, ఎవ్వలూ పోలే" అన్న. అవ్వ సంచిలకెళ్లి నీళ్ల సీసా ఇచ్చింది.

నేను పోయేసరికి ఏడుగురు కాంటా కాడనే ఉన్నరు. యాదగిరి అనే ఆయన అంగీ గుండీలు మెడదాక పెట్టుకొని, తల దువ్వుకొని అట్లనే కూసున్నడు. ఫొటో తీసిన. ఒకటి సరిపోదని ఇంకో రెండు గూడ తీసిన.

ఆ తర్వాత బావ నన్ను పక్కకు తీసుకపోయి నిజం చెప్పమన్నడు. జేబులకెళ్లి నెగెటివ్ తీసి ఇచ్చిన. ఎట్ల చూడాల్నో చూపెట్టిన. సూర్యునికి అడ్డం పట్టి చూసిండు.

"గీ సందుల పిల్లి గూడ దూరది" అన్నడు. "గీడికెళ్లి తీయాల్నంటే మనిషి గోడల ఉండాలె."

నెగెటివ్ నా చేతుల పెట్టి, చేతులు అంగీకి తుడుచుకున్నడు.

తర్వాత కోదాడల ఒక పాత ఫొటోగ్రాఫర్‌కు చూపించిన. నాకంటె పెద్దాయన, రీలు కాలంల పెరిగినాయన. "పాత రీలేమోనండి, ఇంతకుముందు ఎవరైనా వాడి ఉంటారు" అన్నడు. సీలు నేనే తీసిన అని చెప్పిన. మూత పెట్టి ఉంటే ఎట్ల పడతదని ఆయనే అడిగిండు, నూరు మీద ఆ చీకటి ఎట్ల పడతదని మళ్ల ఆయనే అడిగిండు. ఆఖరికి "వదిలేయండి, మంచే జరిగింది కదా" అని చాయ్ తాగిపిచ్చి పంపిండు.

అది తీసింది ఎవలో నాకు తెల్వది. ఇయ్యాల్టికీ తెల్వది.

ఆ రోజు సాయంత్రం బావను నేనే ఇంటికి తోలుకపోయిన. జరిగింది మా అక్కకు ఇంక చెప్పలే. టిఫిన్ డబ్బ ఏదని అడిగింది. అది పొద్దుగాల పెట్టిన కాడనే బస్తాల కింద ఉన్నది, బావ ఏం చెప్తడు? పోయింది అన్నడు. ఇగ అందుకున్నది అక్క. కొత్త డబ్బ ఏడ పారేసినవ్, ఇంటి మీద ధ్యాస ఉంటదా నీకు, ఆ నోరు తెరిచి చెప్పరాదా అని అర్ధగంటసేపు ఒక్కటే తిట్టుడు. బావ తల వంచుకొని అన్నం కలుపుకుంట కూసున్నడు. నేను గోడకానుకొని, ఇంకొంచెం తిట్టనీ అనుకుంట విన్న.