పదకొండేళ్ల సిరా బుడ్డి

ఎవరూ కొనని వస్తువుకు ధర ఉంటుందా? పుస్తకాల్లో వెతికి వెతికి నా కళ్లు నొప్పిపుట్టాయి గానీ, ఇప్పటికీ జవాబు దొరకలేదు. ఆ ప్రశ్న పుట్టిన చోటు మాత్రం తెలుసు: ఒక కాగితాల కొట్టులో, కింది అరలో.

ఆమె గణాంకాల ఆఫీసు తరఫున ధరలు రాసుకునే ఉద్యోగి. బజారంతా 'రేట్ల మేడం' అనేది. ముప్ఫైనాలుగేళ్లుగా నెలకోసారి అదే వారం, అదే కొట్టు, అదే సరుకు, అదే సైజు. పళ్లపొడి నుంచి చెప్పుల జత దాకా ధర అడగడం, అట్టకు బిగించిన ఫారంలో గడి నింపడం, మెట్లు దిగడం. అన్ని ఊళ్ల ఫారాలూ ఒకచోట కలిస్తే, ధరలు ఎంత శాతం పెరిగాయో ఒక అంకె తేలుతుంది. దాన్ని బట్టే ఎందరి జీతాలో కదులుతాయి.

చేరిన కొత్తలో అప్పటి ఆఫీసరు, "మన పని జ్వరం చూడటమేనమ్మా, మందిచ్చేవాళ్లు వేరే ఉన్నారు. థర్మామీటరుకు సొంత అభిప్రాయాలుండకూడదు" అన్నాడు. ఆ మాట ఆమెకు వంటబట్టింది. థర్మామీటరులాగే బతికింది. మోకాళ్లు అరిగాయి.

"నీ ఫారంలో ఉన్న ఊరికి కాపురం మార్చేద్దామే. అక్కడన్నీ మన బజారుకంటే చవగ్గా ఉన్నాయి" అని భర్త ఎగతాళి చేసేవాడు. "మాట్లాడకుండా తినండి" అంటూనే నవ్వేది. ఈమధ్య నవ్వడానికీ ఓపిక లేదు.

ఉద్యోగం ఇంకా పద్దెనిమిది రోజులుందనగా ఆఖరి తిరుగుడు తిరుగుతూ కాగితాల కొట్టు మెట్లెక్కింది. ఈ కొట్టు ఆమె జాబితాలో చేరి పదకొండేళ్లయింది. ఫారంలో ఇక్కడ రాసుకోవాల్సింది ఒక్కటే: నీలం సిరా, చిన్న బుడ్డి.

"అరవై రెండు చెల్లెమ్మా, రాసుకో" అన్నాడు కొట్టాయన, అడక్కముందే.

"రాసుకుంటాను గానీ అన్నయ్యా, నాకొకటి ఇవ్వండి. ఇన్నేళ్లుగా రాయడమే తప్ప ఒక్కసారీ కొన్న పాపాన పోలేదు." కొన్నాక, ఇక రానని చెబుదామనుకుంది.

ఆయన తడబడ్డాడు. "సిరా ఏం చేసుకుంటావమ్మా? కొత్త పెన్నులొచ్చాయి, చూద్దువుగాని..."

ఈలోగా ఆమే వంగి బుడ్డి తీసింది. తేలిగ్గా ఉంది. ఊపితే చప్పుడు లేదు. అడుగున నల్లగా పెచ్చు కట్టి ఉంది.

"ఇదెప్పటిదన్నయ్యా?"

"నువ్వు మొదటిసారి వచ్చినప్పటిది."

"పదకొండేళ్లా! మధ్యలో ఎన్ని అమ్మారు?"

"సిరా ఎవరు కొంటారమ్మా ఈ రోజుల్లో? ఎండనక వాననక వస్తావు. లేదంటే పైవాళ్లు నిన్నేమైనా అంటారేమోనని ఒక్కటి ఉంచాను."

"మరి ఇరవై ఎనిమిది నుంచి అరవై రెండు దాకా ఎలా పెరిగింది?"

ఆయన కాస్త సిగ్గుపడ్డాడు, చేసిన మేలు బయటపడ్డట్టు. "నోటికొచ్చింది చెప్పలేదమ్మా. ధరలు ఇంత శాతం పెరిగాయని వార్తల్లో చెప్తారుగా? సరిగ్గా అంతే పెంచేవాణ్ణి. పైసా ఎక్కువ చెప్పలేదు."

ఆమె స్టూలు మీద కూలబడింది. వార్తల్లోని ఆ అంకెలో తన ఫారాలూ ఉన్నాయి. థర్మామీటరు చూసి రోగి ఒళ్లు వేడి చేసుకున్నట్టుంది వ్యవహారం.

అమ్మకంలో లేని సరుకు గడిలో 'దొరకదు' అని రాయాలి, పక్కన కారణం రాయాలి. అది రూలు. ఆఫీసరుకు ఫోను చేసి సంగతంతా చెప్పింది.

"పోయేముందు తేనెతుట్టె కదుపుతారెందుకమ్మా?" అన్నాడు ఇప్పటి ఆఫీసరు. "మొత్తంలో సిరా వాటా వెయ్యిలో ఒకటి కూడా ఉండదు. అరవై రెండు వేసి సంతకం పెట్టండి."

"మిగతా గడుల్లో ఎన్ని సిరా బుడ్లున్నాయో సార్?"

"ఉంటే ఉంటాయి. ప్రతి నెలా ఒకేలా తప్పితే అదీ ఒక కొలతేనమ్మా. ఇన్నేళ్లూ చూడకుండా ఎలా రాశారని రేపు సంజాయిషీ రాయాల్సింది మీరు. పింఛను కాగితాలు ఆగిపోతే నన్ననొద్దు."

ఆయన మాటలో నిజం లేకపోలేదు. వంకర గజంబద్దతో కొలిచినా, ఏ గుడ్డ పొడుగో ఏది పొట్టో తెలుస్తుంది. గుడ్డే గజాన్ని చూసి సాగుతుంటే? అడగడానికి ఓపిక లేక ఫోను పెట్టేసింది.

కొట్టాయన ముఖం చిన్నబోయింది. "నావల్ల నీకేమన్నా ఇబ్బందా చెల్లెమ్మా? ఉండు, లోపల మంచి బుడ్డి ఏదైనా పడుందేమో చూస్తాను" అని వెనక గదిలోకి వెళ్లాడు. అట్టపెట్టెలు జరుపుతున్న చప్పుడు.

ఆమె అట్ట ఒళ్లో పెట్టుకుని సిరా గడి మీద వేలు పెట్టింది. పింఛను ఆగితే ఇంట్లో ఏం చెప్పాలో తోచలేదు. ముప్ఫైనాలుగేళ్లలో తను రాసినవాటిలో, కళ్లారా చూసి రాసినవెన్నో కూడా తోచలేదు. ఈ ఒక్కటీ తెలుసు. బాల్‌పెన్ను తీసి 'దొరకదు' అని రాసింది. కారణం గడిలో 'పదకొండేళ్లుగా ఇంతే' అని రాసి సంతకం పెట్టింది.

ఎండిన బుడ్డిని దాని చోటనే, పేరున్న చీటీ బయటికి కనబడేలా పెట్టింది. మోకాళ్లు పట్టుకుని లేచి, అట్ట చంకన పెట్టుకుని మెట్లు దిగింది.

"ఉండు చెల్లెమ్మా, ఇక్కడేదో ఉన్నట్టే ఉంది!" అని లోపలినుంచి కేకేశాడు ఆయన.

అప్పటికే ఆమె ఎండలో చెప్పుల కొట్టు దాటి మలుపు తిరుగుతోంది.