గాల్లో మాటల బిల్లు

సత్తుపల్లి బస్టాండు ఎదుట భానుకు రీఛార్జి దుకాణం ఉంది. ఏ ప్యాక్ మంచిదో, ఏది దండగో ఊరంతా ఆమెనే అడుగుతుంది. ఇంట్లో మాత్రం పేరంతా తోటికోడలు లిఖితదే. గని కార్మికుల చేత ఇన్సూరెన్స్ పాలసీలు కట్టించడంలో లిఖిత నోటికి తిరుగులేదు. అందుకు మెచ్చి కంపెనీ ఆమెను దుబాయ్ తీసుకుపోతోందని తెలిసిననాడు భానుకు అన్నం సహించలేదు.

బయలుదేరే ముందు లిఖిత దుకాణానికి వచ్చింది.

"అక్కా, విమానంల ఫోన్ పనిచేస్తదా?"

"ఎందుకు చెయ్యదు? నీది పోస్ట్‌పెయిడే గదా," అంది భాను.

విమానం ప్యాక్ వేసుకోకుండా మాట్లాడితే ఎంత గుంజుతారో ఆమెకు తెలుసు. చెప్పాలని నోటిదాకా వచ్చింది. లిఖిత భుజాన మెరుస్తున్న కొత్త బ్యాగు చూసి మింగేసింది.

మర్నాడు ఇంట్లో అత్త ఫోను మోగింది. "అత్తమ్మా, మబ్బులు నా కాళ్ల కిందున్నయ్!" అని లిఖిత గొంతు. అత్త కొండమ్మ మురిసిపోయి, "ఇంకా చెప్పు బిడ్డా, ఇంకా చెప్పు," అంటూ ఫోను వదల్లేదు. వంటింట్లో భాను గిన్నెలు చప్పుడయ్యేలా తోమింది. పెట్టెయ్యమని ఒక్క మాట అనలేకపోయింది.

లిఖిత తిరిగొచ్చాక, ఫోను బిల్లు వచ్చిన రోజు మరిది గణేష్ అరుపులు వీధి దాకా వినిపించాయి. భానుకు లోపల చల్లగా అనిపించింది. కానీ లిఖిత ఏడ్చుకుంటూ తిన్నగా ఆమె దగ్గరికే వచ్చింది. ఇక ఫోను కంపెనీకి కలపక తప్పలేదు.

"రేటు మెసేజ్ పంపాం మేడం," అన్నాడు కంపెనీ మనిషి.

"కాల్ అయినంక పంపిన్రు, టైం చూడుండ్రి. బస్సుకు రేటుంది, ఆటోకు రేటుంది. గాల్లో మాటకు మీరు ఎంతంటే అంతేనా? దానికో హద్దుండొద్దా?"

భాను వదల్లేదు. మళ్లీ మళ్లీ ఫోను చేసింది. విమానాల్లో ఫోను ధరలకు హద్దు పెట్టాలని ఢిల్లీలోని టెలికాం అధికారులకు ఫిర్యాదు కూడా పంపింది. చివరికి కంపెనీ బిల్లు సగానికి తగ్గించింది. ఢిల్లీ నుంచి మాత్రం ఫిర్యాదు అందిందన్న జవాబు తప్ప మరేమీ రాలేదు.

ఆ ఆదివారం చుట్టాలు వచ్చారు. "మా అక్క కొట్లాడింది గాబట్టే బతికిపోయిన," అని లిఖిత భానును చెయ్యి పట్టి నడుమ కూర్చోబెట్టింది. అందరూ శెభాష్ అన్నారు. భాను ముఖం విప్పారింది. ఎలా కొట్లాడిందో చెప్పబోయేలోపే ఎవరో దుబాయ్ ఫోటోలు అడిగారు. తలలన్నీ లిఖిత వైపు తిరిగాయి.

భాను లేచి, తాళంచెవి తీసుకుని దుకాణానికి నడిచింది.