పాపకి షిఫ్టు రిజిస్టరు

రాయగడ దగ్గర ఓ ఫ్యాక్టరీలో బాయిలర్ ఆపరేటర్‌గా చేరిన కొత్త. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. పాప ఎదుగుదల రాసిపెట్టమని మా ఆవిడ పోరితే, నాకొచ్చిన ఒకే పద్ధతిలో, అంటే షిఫ్టు రిజిస్టరులాగే రాసేవాణ్ణి. రెండు పుస్తకాలకీ ఒకేలాంటి అట్ట. ఓరోజు పాప పుస్తకం టిఫిన్ సంచిలో వచ్చి, షిఫ్టు అప్పగించేటప్పుడు ఇన్‌ఛార్జి గారి చేతికెళ్ళింది.

ఆయన అందరి ముందూ పైకి చదివేరు: "పదిన్నరకి స్టార్ట్ అయింది. రెండడుగులకే ఆగిపోయింది. కారణం తెలియదు. బెల్లం ముక్క చూపించి మళ్ళీ స్టార్ట్ చేశాం."

తలెత్తి, "బాయిలరుకి బెల్లమేటయ్యా?" అన్నారు.

"మా అమ్మి సార్. పదకొండో నెల."

ఉద్యోగం పోయిందనుకున్నాను. ఆయన పెన్ను తీసి, ఆ రాత కిందే "జాగ్రత్తగా కనిపెట్టి ఉండవలెను" అని రాసి సంతకం పెట్టేరు.

తర్వాత పర్మనెంటు అయ్యాను. పాపకిప్పుడు నాలుగేళ్ళు. ఆ ఉత్తర్వు ఇంకా అమల్లోనే ఉంది.