గోరి వేసిన మూడో కేక

గోరికి భయం కొత్త కాదు. జూలూరుపాడు పక్క తండాలో పుట్టి, ఏడో తరగతి దాకా చదివి, నలభై ఏడేళ్లు వచ్చేసరికి ఆమె భయపడినవన్నీ చెప్పుకుంటూ పోతే పొద్దు చాలదు. బోరు మోటారు స్టార్టరు, బ్యాంకులో ఇంగ్లీషు ఫారం, పాల్వంచ బస్సు ఫుట్‌బోర్డు, పెళ్లయిన కొత్తలోనైతే అత్త దగ్గినా భయమే. అయితే భయపడుతూనే అన్నీ చేసింది. స్టార్టరు నొక్కింది, ఫారం నింపించింది, కూతురు శ్రావణిని నర్సు చదివించడానికి అదే బస్సు మూడేళ్లు ఎక్కింది దిగింది. ఆమెను పిరికిదనేవాళ్లకు ఆమె సంగతి తెలియదు.

కిందటేడు ఒక పురుగుమందుల కంపెనీవాళ్లు, టార్గెట్ కొట్టిన డీలర్లను భార్యలతో సహా హాంకాంగ్, మకావ్ తిప్పుతామన్నారు. గోరి భర్త మోతీలాల్‌కు జూలూరుపాడులో విత్తనాలు, పురుగుమందుల దుకాణం. ఆ జాబితాలో తన పేరు వచ్చిందని తెలిసిన రోజు అతను దుకాణంలో ఉన్న రైతులందరికీ చాయ్ పోయించాడు. గోరి మొహం మాత్రం వాడిపోయింది.

"ఏంది, మొఖం గట్ల పెట్టినవ్? ఫారిన్ పోతున్నమే!"

"ఏడన్న తప్పిపోతనేమో అని."

"తప్పిపోతానికి నువ్వేమన్న పసిపిల్లవా?"

పసిపిల్లగా ఒకసారి తప్పిపోయింది కాబట్టే ఆ భయం. తొమ్మిదేళ్లప్పుడు, ఎండాకాలంలో, తండ్రి బిచ్యా వెంట బీడీలకు వాడే తునికాకు కోయడానికి అడవికి పోయింది. కోస్తూ కోస్తూ తలెత్తి చూస్తే నాయిన లేడు. ఎటు చూసినా ఒకే రకం చెట్లు. భయంతో పరుగెత్తింది. పరుగెత్తినకొద్దీ ఇంకా లోపలికి పోయింది. పొద్దు వాలుతుండగా దొరికింది. బిచ్యా కొట్టలేదు, తిట్టలేదు. కాళ్లలో ముళ్లు తీస్తూ చెప్పాడు.

"తప్పిపోయినోళ్లు నడవొద్దు బిడ్డా. ఉన్నకాడనే నిలబడి కూతెయ్యాలె. అది ఇనబడ్డోడు ఎంత పనిలో ఉన్నా పలకాలె. పలుక్కుంట ఎతుక్కుంట రావాలె."

కూత అంటే మాట కాదు. రెండు చేతులూ నోటి దగ్గర దొప్పలా పట్టి, పొట్టలోంచి 'కూ' అని లాగడం. వాగు అవతలికి కూడా వినబడుతుంది. పెళ్లయ్యాక గోరి మిరప చేను గట్టు మీద సద్ది మూట దించి అలాగే కూత వేసేది. చేను నడుమ నుంచి మోతీలాల్ 'కూ' అని పలికేవాడు. ఆ పలుకు వింటే ఆమెకు సగం అలసట పోయేది. భర్త పేరు నోట అనకూడదని అత్త మొదటి రోజే చెప్పింది. అందుకని ఇంట్లో 'ఇంటున్నవా' అన్న పిలుపుతో, చేలో కూతతోటి సంసారం సాగిపోయింది.

దుకాణం పెట్టాక మోతీలాల్ ఇస్త్రీ చొక్కాలోకి వచ్చాడు. ఒకరోజు కంపెనీ మేనేజరు ముందు కూర్చుని ఉండగా గోరి వెనక గోదాములోంచి అన్నానికి రమ్మని కూత వేసింది. మేనేజరు నవ్వాడు. మోతీలాల్ చెవులు ఎర్రబడ్డాయి.

"ఫోన్ కొనిచ్చిన గదా! అడవి మనిషి లెక్క ఏంది ఆ అరుపు?" అన్నాడు సాయంత్రం.

అవ్, అడవి మనిషినే, నువ్వు ఏడ పుట్టినవ్ మరి, అని అడగాల్సింది. అడగలేదు. ఆ రోజుతో మానేసింది. ఇప్పటికి పన్నెండేళ్లు.

సరే, విమానం ఎక్కింది. కళ్లు మూసుకుని ఎక్కింది, కళ్లు మూసుకునే దిగింది. హాంకాంగ్‌లో రెండు రోజులు మోతీలాల్ చొక్కా కొస వదల్లేదు. మూడో రోజు సముద్రం మీద కట్టిన వంతెన దాటించి బస్సులో మకావ్ తీసుకుపోయారు. ఎంతసేపు పోయినా వంతెన అవ్వదు, రెండు పక్కలా నీళ్లే. గోరి తండా దేవతలందరినీ పేరు పేరునా తలుచుకుంది. అవతలి ఒడ్డున పాస్‌పోర్టు మీద ముద్ర వేయలేదు, చిన్న చీటీ చేతికిచ్చారు. పాస్‌పోర్టులు మోతీలాల్ నడుము సంచిలోకి పోయాయి. చీటీ గోరి చిన్న పర్సులో దాచుకుంది.

ఊరు చిన్నదే, చిత్రమైనదే. మొదట చూపించిన చీనా గుడిలో చుట్టలు చుట్టలుగా అగరొత్తులు పైనుంచి వేలాడుతున్నాయి. ఆ పొగ వాసనకు ఆమెకు కాస్త ధైర్యం వచ్చింది. అక్కణ్నుంచి ఇంకో వైపు తిరిగితే పసుపు రంగు పెద్ద పెద్ద భవంతులు, చర్చీలు. పోర్చుగీసువాళ్లు నాలుగు వందల ఏళ్ల పైన ఉండిపోయిన ఊరట. వీధి పేర్లు తెల్లటి పింగాణీ పలకల మీద నీలం అక్షరాలతో రెండు భాషల్లో రాశారు. గోరికి రెండూ ఒకటే, రెండూ రావు.

"నాలుగింటికి బస్సు. లేటైతే హాంకాంగ్‌ల ఫ్లైటు పోతది," అని తల్లాడ డీలరు వీరన్న, గైడు చెప్పినదాన్ని అందరికీ తెలుగులో అరిచి చెప్పాడు. గైడు పచ్చజెండా ఎత్తి నడిచింది. వెంట వచ్చిన కంపెనీ మేనేజరుతో సహా అందరూ ఆ జెండా వెంట నడిచారు.

అక్కడే జరిగింది పొరపాటు. నేలంతా నల్లరాయి, తెల్లరాయి ముక్కలతో అలలు అలలుగా పరిచారు. మధ్య మధ్య చేప, గవ్వ, నక్షత్రం. పోర్చుగీసువాళ్ల పద్ధతి అని గైడు చెప్పే ఉంటుంది. గోరి కళ్లకు అది ముగ్గు. ఊరంత ముగ్గు. ముగ్గు తొక్కితే అమ్మ వీపు మీద చరిచేది. వేలమంది బూట్లతో తొక్కుతూనే ఉన్నారు, ఆమెకూ కనబడుతూనే ఉంది. కానీ వాళ్లు తొక్కారని తను ఎట్లా తొక్కుతుంది? దుకాణాల గోడ వారగా, ముగ్గు లేని అంచు మీద ఒక్కో అడుగూ వేస్తూ వచ్చింది. కొన్నిచోట్ల అంచు అరచేయంతే ఉంది. చేప తోక తగలకుండా అడ్డంగా జరిగింది. అలా జరిగి, చెమట తుడుచుకుని తలెత్తితే పచ్చజెండా లేదు.

ఎటు చూసినా తలలే. ఒక్క తలా తనవాళ్లది కాదు.

ఫోన్ తీసింది, సిగ్నల్ గీతలు లేవు. మూడు సందులు కనబడ్డాయి, మూడింట్లోనూ జనమే. ఎదుట గడియారం మూడుంబావు చూపిస్తోంది. పాస్‌పోర్టు ఆయన నడుముకుంది. తన దగ్గర చదవడం రాని చీటీ ఒక్కటే. బస్సు వెళ్లిపోతే? పోలీసులు పట్టుకుని ఏదో అడిగితే? ఏ ఊరని చెప్పాలి, ఏ భాషలో చెప్పాలి? జూలూరుపాడంటే ఇక్కడ ఎవడికి తెలుసు? కాళ్లు పరుగెత్తమన్నాయి. రెండడుగులు వేసింది కూడా. అప్పుడు నాయిన ముళ్లు తీసిన చేయి గుర్తొచ్చి, గోడకు వీపు ఆనించి నిలబడిపోయింది.

నిలబడడం అయింది. మరి కూత? నోటి దగ్గరికి చేతులు లేచాయి, సిగ్గుతో దిగాయి. అడవి మనిషి అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. మళ్లీ గడియారం చూసింది. ముల్లు కదిలింది. సిగ్గు పోయింది.

"కూ..."

చుట్టూ ఉన్నవాళ్లు ఆగారు. ఒక చీనా ముసలాయన గొడుగు దించి చూశాడు. గోరి చెవులు రిక్కించింది. పలుకు రాలేదు. ఇంకా గట్టిగా, పేగులు తెగేలా రెండోది లాగింది. ఎవరో ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్నారు. పలుకు రాలేదు. తన కూత అందనంత దూరం పోయాడంటే ఇక తనను వదిలి పోయినట్టే. ఆ భయంలో అత్త చెప్పిన మాట, ఇరవై ఎనిమిదేళ్ల మర్యాద, అన్నీ ఒక్కసారిగా కొట్టుకుపోయాయి.

"మోతీలాల్! ఓ మోతీలాల్!"

ఎడమ పక్క సందు మలుపులో బాదం బిస్కెట్ల దుకాణం ఉంది. అక్కణ్నుంచి, పాతిక అడుగుల దూరంలోంచి, మోతీలాల్ ఊడిపడ్డాడు. చేతిలో సగం కొరికిన బిస్కెట్, తల మీద కంపెనీ టోపీ, మొహంలో నెత్తురు చుక్క లేదు. వెనక వీరన్న, మేనేజరు, పచ్చజెండా.

"పేరు పెట్టి పిల్సినవేందే!" అన్నాడు రొప్పుతూ.

గోరి అతని చొక్కా రెండు చేతులతో పట్టుకుంది. ఒక్కటే అడిగింది.

"కూత ఇనబడలేదా?"

మోతీలాల్ తన బూట్లకేసి చూశాడు.

"ఇనబడ్డది."

"రెండూ?"

"రెండూ. పక్కన సార్లు ఉండిరి. సిగ్గనిపించింది. దగ్గర్నే ఉన్నవ్ గదా, నువ్వే వస్తవనుకున్న."

గోరి చొక్కా వదిలేసింది. ఏడవలేదు, తిట్టలేదు. పర్సు చంకలో పెట్టుకుని అలల మీదుగా, చేపల మీదుగా, ముగ్గంతా తొక్కుకుంటూ పచ్చజెండా వెనకే నడిచింది. మోతీలాల్ వెనక వచ్చాడు. ఆ పైన మెట్ల మీద ఏదో కాలిపోయిన చర్చి, ముందు గోడ ఒక్కటే మిగిలి నిలబడి ఉంది. అందరూ ఫోటోలు దిగారు. గోరి దిగలేదు. బస్సులో అతను కిటికీ పక్క సీటు ఇచ్చి, మిగిలిన బిస్కెట్ ఇచ్చాడు. బిస్కెట్ తింది. వంతెన దిగేదాకా నీళ్లకేసే చూసింది.

ఇప్పుడు జూలూరుపాడు దుకాణంలో మధ్యాహ్నం ఒంటిగంటకు గోదాములోంచి కూత వినబడుతుంది. ఎదుట రైతులున్నా, మేనేజరున్నా, చెప్పే మాట సగంలో ఆపి మోతీలాల్ నోటి దగ్గర చేతులు దొప్పలా పట్టి 'కూ' అని పలుకుతాడు. కొత్తవాళ్లు నవ్వుతారు. అతను నవ్వడు, లేచి గబగబా లోపలికి పోతాడు. రెండో పిలుపు పేరుతో వస్తుందేమోనని అతనికి భయం.