పిడికెడంత పిల్లకు సామ్రాజ్యం అని పేరు

మా చిన్నప్పుడు బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ గాలి ఇటు మళ్లితే చాలు, ఇల్లంతా పులిసిన చెరుకు మడ్డి వాసన... కానీ నేను కక్కుకున్నది ఆ వాసనకు కాదు. మా చెల్లెళ్ల పేర్ల ప్రార్థన నాడు, మా పెద్దత్త మటన్‌లోని మూలుగ బొక్క జుర్రుతూ అన్న మాటకు.

అమ్మకు ఒకే కాన్పులో ముగ్గురు ఆడపిల్లలు. వాడంతా చూడటానికి వచ్చేది. పాన్ నమిలే నోళ్లతో పిల్లల మీదికి వంగి, కప్పిన గుడ్డ తీసి మరీ చూసేవాళ్లు. ఒకటోది, రెండోది, మూడోది... అంతే, అవే పేర్లు.

మూడోది మరీ చిన్నది. ఏడ్చినా సరిగ్గా వినపడేది కాదు.

ఆ రోజు పాస్టరయ్య వచ్చాడు. చుట్టాలకు బగారన్నం, మటన్. బాపు ముందే అనుకున్న పేర్లు చెప్పాడు... విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ. బైబిల్‌లో ఒకే వాక్యంలో జతగా వచ్చే మాటలు. అందరూ ఆహా అన్నారు.

గోడకు ఆనుకుని కూర్చున్న అమ్మ మాత్రం వద్దంది.

"ఒక్క పేరు తీస్తే మిగిలిన రెండు కుంటయితయి. ఎవ్వల పేరు వాళ్లకే నిలవాలె."

బాపుకు అక్క, మా పెద్దత్త, బొక్కను కంచానికి కొట్టి, జుర్రి, వేళ్లు నాకుతూ అంది...

"గా సిన్నది ఉండేటట్టు లేదు గదనే. ఇద్దరికి పెట్టుండ్రి, సాలు. పొయ్యేదానికి పేరు దండుగ."

ఎవరూ తినడం ఆపలేదు. బాపు తల ఎత్తకుండా, "కూర ఇంకింత ఎయ్యుండ్రి" అన్నాడు.

అమ్మ చిన్నదాన్ని ఎత్తుకుని లేచింది. పచ్చి బాలింత. నేరుగా వెళ్లి పాస్టరయ్య చేతుల్లో పెట్టింది.

"ముందు దీని పేరే పెట్టుండ్రి అయ్యగారు. సామ్రాజ్యం."

ఒకటే నవ్వులు. పిడికెడంత పిల్లకు సామ్రాజ్యమా అని!

అమ్మ నవ్వలేదు. "కోటగిరి కాలువ కింద నేను చెరుకు కొట్టవోయిన చేనుగల్ల ఆంధ్రామె పేరు గది. మొగడు సచ్చిపోతె భూమి అమ్ముకొని పొమ్మన్నరు అందరు. పోలే. గట్టు మీద నిలవడి సేద్యం జేసింది."

రెండోదానికి విక్టోరియా. కాన్పప్పుడు అమ్మ చెయ్యి వదలని నర్సు పేరు. పెద్దదానికి మంజీర, మా నది పేరు. ఒక పేరుకూ ఇంకో పేరుకూ ఏ చుట్టరికమూ లేదు.

పెద్దత్త అదే జిడ్డు చేత్తో చిన్నదాని బుగ్గ పట్టబోయింది. అమ్మ అడ్డుకుంది.

"చెయ్యి కడుక్కొని రా వదినె. పేరు పెట్టి పిలువు. గప్పుడు ఇస్త."

పెద్దత్త చెయ్యి కడుక్కుంది కానీ పేరు పెట్టి పిలవలేదు. అలిగి వెళ్లిపోయింది. నేను తిన్నదంతా కక్కుకున్నాను... మళ్లీ మూలుగ బొక్క ముట్టలేదు.

సామ్రాజ్యం బతికింది. ఇప్పుడు నవీపేట్ సంతలో మేకల వ్యాపారం. దాని బేరం ముందు మగవాళ్లు తలలు గోక్కుంటారు. మంజీర నిజామాబాద్‌లో టీచరు. విక్టోరియా రెంజల్‌లో పసుపు పండిస్తుంది.

మొన్న ఒక పెళ్లిలో పెద్దత్త సామ్రాజ్యాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, వచ్చినవాళ్లందరికీ చెబుతోంది... "దీనికి గా పేరు నేనే పెట్టిన!"

అమ్మ లేదు, ఆ మాట వినడానికి. నేను విన్నాను.

ఇప్పుడు ఫోన్‌లో వెతికి, ఒకే అక్షరంతో పేర్లు జత కలిపి పెడుతున్నారు. బాగానే ఉన్నాయి, కానీ ఆ పేరు ఎవరిదని అడిగితే చెప్పేవాళ్లు లేరు...

మీ ఇంట్లో కూడా, 'పొయ్యేదే కదా' అని పేరు కూడా దండుగ అనిపించుకున్న పిల్ల ఎవరైనా ఉందా? ఆ పిల్ల పేరు కింద రాయండి. పూర్తి పేరు.