వియ్యపురాలి ఒప్పులకుప్ప

"అమ్మ పోయింది అత్తమ్మా" అని బెల్లంపల్లి నుంచి కోడలు ఫోన్ చేసినప్పుడు, చారులో ఉప్పు కొలిచిన చెంచా నా చేతిలోనే ఉంది. ఆ మాట విని, నా దగ్గరే ఉంటున్న మనుమరాలు గోడకు ఒరిగి ఏడ్చింది. నేను పోయిననాడు ఇది ఇంతగా ఏడుస్తుందా? నాకు ముందుగా తోచింది అదే.

మా వియ్యపురాలు ఫిజిక్స్ లెక్చరర్‌గా చేసి రిటైరైంది. నేను కరీంనగర్‌లో లెక్కల టీచర్‌గా చేశాను. మనుమరాలికి ఎక్కాలు నేర్పింది నేను. అది ప్రశ్నలు అడగడానికి పోయింది మాత్రం ఆమె దగ్గరికే.

కలిస్తే ఎకసెక్కాలకు తక్కువ లేదు. "వదినె, చాయల చక్కెర గూడ స్కేలు పెట్టి కొలుస్తవా?" అనేది ఆమె.

"నువ్వు పోస్తే అది చాయ గాదు, పాకమైతది" అనేదాన్ని.

నిరుడు కంటి ఆపరేషన్‌కు వచ్చి మా ఇంట్లోనే ఉంది. అప్పుడు మనుమరాలు ఎమ్మెస్సీ ప్రాజెక్టుతో తంటాలు పడుతోంది. నైట్రోజన్ వాయువులో దూసుకుపోయే ఎలక్ట్రాన్ తన శక్తిని ఎట్లా పోగొట్టుకుంటుందో కంప్యూటర్‌లో నడిపి చూడాలి. ఎంత దూరం పోయి అణువును గుద్దుతుంది, గుద్దితే ఏమవుతుంది అన్నది ప్రతిసారీ కంప్యూటర్ గవ్వలు వేసినట్టు ఒక అంకె తీసి తేలుస్తుంది. అంతవరకు నాకూ అర్థమైంది. పక్కన కూర్చొని దాని లెక్క ప్రతి వరుసా సరిచూశాను. ఎక్కడా తప్పు లేదు. అయినా వేగం తగ్గిన ఎలక్ట్రాన్లు ఒక దశకు వచ్చాక ఇక శక్తి వదలకుండా మొండికేసేవి.

కంటికి పట్టీతో, తెర చూడకుండానే ఆమె అడిగింది: "నీ నైట్రోజన్ అణువు ఎట్లుంటది బిడ్డా?"

"గుండ్రంగ, గోలీ లెక్క."

"గోలీ గాదే! రెండు పరమాణువుల జంట. లే వదినె, జర చేతులియ్యి."

"నాకు పనున్నది."

"పని ఎటు పోదు. నువ్వొక పరమాణువు, నేనొక పరమాణువు."

చిన్నప్పటి ఒప్పులకుప్పలో లాగా చేతులు అడ్డంగా పట్టించి నన్ను నిలబెట్టింది. మనుమరాలు మెల్లగా వచ్చి నా భుజానికి తగిలింది. ఇద్దరం సగం చుట్టు తిరిగాం. చేతులు ఊగాయి.

"చూసినవా? గంత మెల్లగ తగిలినా తిరిగినం, ఊగినం. గా శక్తి ఎవ్వరిచ్చిండ్రు?"

"నేనే అమ్మమ్మా! గా తిరుగుడు, ఊగుడు నేను లెక్కల పెట్టనే లే!" అంటూ అది ఆమెను వాటేసుకుంది. నేను ఆమె చేతులు పట్టుకొనే ఉన్నాను. మనుమరాలు నా వైపు చూడలేదు.

"మీ నానమ్మ గట్టిగ పట్టుకున్నది గాబట్టే తిరిగినం" అందామె. నా మీద జాలితో అన్నదేమోనని ఆ మాట కూడా నాకు కంటగింపే అయింది. కానీ మనుమరాలి ముందు నా గురించి అట్లాంటి మాట ఆమె తప్ప ఇంకెవరూ అనలేదు.

పెద్దకర్మ అయి వచ్చాక మనుమరాలు మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చుంది. తెర మీద ఎలక్ట్రాన్ దారి మొదట తీగలా సాగింది. తగిలిన ప్రతి అణువుకూ కొంత శక్తి వదులుతూ, చివరికి చిక్కుపడ్డ దారంలా ఒకచోట ముడుచుకుంది. చాలాసేపు దాన్నే చూసి లేచింది.

"నానమ్మా, చేతులియ్యి."

ఇచ్చాను.

"ఇట్ల గాదు. అమ్మమ్మ పట్టినట్టు." నా చేతులు విడదీసి, అడ్డంగా మార్చి పట్టుకుంది. ఆ పట్టు కూడా ఆమెదే.

వచ్చి తగలడానికి మూడో మనిషి లేదు. అయినా మెల్లగా తిరిగాం.