బుర్రల డాక్టరమ్మ

నేను తిరిగిన దేశాలన్నింటిలోనూ మనుషులు గుండె మీద పాటలు కట్టారు, మెదడు మీద తిట్లు కట్టారు. మట్టిబుర్ర, మొద్దుబుర్ర, బుర్రతక్కువ వెధవ. ఓడరేవుల్లో, రైలుపెట్టెల్లో, చవక హోటళ్ళలో విన్నవన్నీ పోగేస్తే ఒక నిఘంటువవుతుంది. ఇన్ని తిట్లు తినే ఆ అవయవం కోసం నా చెల్లెలు ముప్పయ్యేళ్ళు గడపలెక్కి దిగింది. ఆస్పత్రిలో ఆమె అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు. బుర్రల డాక్టరమ్మ అంటే చాలు.

ఆమె పరిశోధన మతిమరుపు జబ్బు మీద. అరవై దాటకుండానే కన్నబిడ్డల్ని పోల్చుకోలేకుండా చేసే జబ్బు. కొన్ని కుటుంబాల్ని తరం వెంట తరం వదలదు. ఎందుకో తెలియాలంటే పోయినవాళ్ళ మెదడును సూక్ష్మదర్శిని కింద చూడాలి. అంటే ముందు దాన్ని ఎవరో ఒకరు ఇవ్వాలి. రోగి బతికుండగా ఇచ్చిన మాట చెల్లదా అంటే, కాగితం మీద చెల్లుతుంది, శవం పక్కన చెల్లదు. అక్కడున్న కొడుకో తమ్ముడో వద్దంటే ఆస్పత్రివాళ్ళు మారుమాట్లాడకుండా వెనక్కి వచ్చేస్తారు. అందుకే ఏడుస్తున్నవాళ్ళ పక్కన కూర్చుని అడగడం ఆమె ఉద్యోగంలో సగం. మిగతా సగం తిట్లు తినడం.

"రాబందువి నువ్వు," అన్నాడట ఒకాయన.

"రాబందు అడిగి తినదు కదండీ," అందట మా చెల్లెలు.

ఆయన ఇచ్చాడు.

ఇవ్వనివాళ్ళు మాత్రం ఒకటే ప్రశ్న వేసేవాళ్ళు. "మీ ఇంట్లోవాళ్ళదయితే ఇస్తారా?" ఆమె కాగితాలు సంచిలో పెట్టుకుని లేచి వచ్చేసేది. మా అమ్మ ఆ జబ్బుతోనే పోయింది. ఆ రోజు అమ్మ మెదడు ఇవ్వడానికి పెద్దన్నయ్య ససేమిరా అన్నాడు.

తర్వాత అది చెల్లెల్నీ పట్టుకుంది. ఒక ఉదయం తాళంచెవి చేతిలో పెట్టుకుని, దాన్నేమంటారో తట్టక గుమ్మంలో నిలబడిపోయింది. అటునుంచి అటే ల్యాబ్‌కి వెళ్ళి శిష్యురాలితో, "మంచి కేసు దొరికింది. రేపట్నించి పరీక్షలు నాకే పెట్టు. మొహమాటానికి మార్కులు వేశావో, చూడు," అంది. ఆ సాయంత్రం నాకు ఫోన్.

"చిన్నన్నయ్యా, నువ్వు పిలిస్తే పలకవు, పిలవకపోతే ప్రత్యక్షమవుతావు. ఈసారికి పిలిచినప్పుడే రా. నేను పోయినరోజు నా మెదడు ల్యాబ్‌కి చేరాలి. పెద్దన్నయ్య ఒప్పుకోడు. నువ్వే చూసుకోవాలి."

ఆమె వీధిలోనే గది తీసుకుని దిగిపోయాను. నా కాళ్ళకు అంతకన్నా జైలు లేదు.

కొన్నేళ్ళకి ఆమె ఒక ఉదయం పోయింది. అన్నయ్య ఆమెను పడుకోబెట్టిన గది గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. శిష్యురాలు వచ్చి, సాయంత్రం దాటితే పనికిరాదని నేలచూపులు చూస్తూ చెప్పింది.

"అమ్మాయ్, దాని బతుకంతా మీ ఆస్పత్రే తినేసింది," అన్నాడు అన్నయ్య. "పెళ్ళి లేదు, ఒక సెలవు లేదు. మిగిలిన మనిషినైనా మాకు ఉంచరా?"

అందులో అబద్ధమేమీ లేదు. ఆ పిల్ల వెనక్కి తిరగబోయింది.

"ఆగమ్మా," అన్నాను. "అన్నయ్యా, ఇవాళ నువ్వు కాదంటే రేపట్నించి ప్రతి గడపలోనూ ఈ పిల్ల మొహం మీదే అంటారు, మీ డాక్టరమ్మదే ఇవ్వలేదటగా అని. అది ఇన్నేళ్ళు చేసిందంతా నీ కుర్చీ దగ్గర ఆగిపోతుంది."

"ఒరేయ్, దేశాలు పట్టుకు తిరిగేవాడివి, నువ్వా నాకు చెప్పేది? అమ్మకు ముద్దలు కలిపి పెట్టిందెవరు?"

"నువ్వే. దీనికి పెట్టిందీ నువ్వే. అందుకే అది నీ నోట కాదనిపించుకుని పోవడానికి వీల్లేదంటున్నాను."

"చివర్లో నన్ను, ఎవరండీ మీరు, అని అడిగిందిరా." గొంతు తగ్గింది. "అలా అడిగినదాన్ని కోసి చూడాలా?"

"అలా ఎందుకడిగిందో చూడాలంటే అక్కడే చూడాలి. నన్ను తిట్టు, కొట్టు, నేనిక్కణ్ణుంచి కదలను."

చాలాసేపు కదలనివాడు అన్నయ్యే. చివరికి శిష్యురాలివైపు తిరిగాడు.

"నేను సరేనన్నానని ఎక్కడా రాసుకోవద్దు. వద్దన్నానని కూడా రాసుకోవద్దు." లేచి కుర్చీ పక్కకు లాగాడు. "నా బుర్ర మాత్రం ఎప్పుడూ అడక్కండి."

"ఉన్నవాళ్ళనే అడుగుతారులే," అన్నాను.

"నోర్ముయ్," అన్నాడు, చిన్నప్పుడు నన్ను కొట్టబోయేముందు అన్నట్టే. సంతకం నేను పెట్టాను.

తర్వాతి నెలంతా పరామర్శలు. నాకు పరామర్శలంటే పడదు. చచ్చినవాళ్ళని పొగిడే నెపంతో బతికున్నవాళ్ళని తూకం వేస్తారు. మా మేనత్త చెంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, "పాపం, చచ్చాక కూడా దాన్ని ముక్కలు చేయించారటగా," అంది. నేను నోరు తెరిచేలోగా అన్నయ్య అందుకున్నాడు.

"ముక్కలు కాదత్తయ్యా, పొరలు. ఉల్లిపొర కన్నా పలచగా కోసి, రంగు పట్టించి, గాజుపలకల మీద పెడతారు. నేను వెళ్ళి చూశాను. దానికున్న మచ్చలే అమ్మకీ ఉండి ఉంటాయట. అమ్మవి మనం చూడనివ్వలేదు కనక, ఉండి ఉంటాయని అనుకోవడమే." తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "అందులో పాపమేముంది? అది ఇంకా పనిలోనే ఉంది. కాఫీ తాగి వెళ్ళండి."